పని లేని వంటిల్లు

"తినే వేళ నుంచి వెనక్కి నడుచుకుంటూ రావాలి అత్తయ్యా. అప్పుడే ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుస్తుంది" అని నాకు నేర్పింది నా కోడలే. ఆమె ఆసుపత్రి వంటశాలకు పెద్ద. వార్డుల నిండా ఉన్న రోగులకు మూడు పూటలా వేళ తప్పకుండా తిండి అందించే మనిషి. నేనేమో నలుగురు చుట్టాలు వస్తున్నారంటే వారం ముందు నుంచే నిద్ర మానేసి, తీరా వాళ్ళు గుమ్మంలోకి వచ్చేసరికి ఇంకా ఉల్లిపాయలు తరుగుతూ ఉండేదాన్ని.

ఏడాది చివరి సెలవుల్లో ఒక సాయంత్రం మా ఇంట్లో అందరం కలిసి భోంచేయడం మావారు ఉన్నప్పటి నుంచీ అలవాటు. ఆ భోజనంలో నేను కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. ఉప్పు కోసం లేస్తాను. ఉప్పు తెచ్చి నీళ్ళ కోసం లేస్తాను. ఏ పనీ లేకపోతే స్టవ్ కట్టేశానో లేదో చూడ్డానికి లేస్తాను. "వదిన కుర్చీలో ఎవరో మేకులు కొట్టారు" అంటాడు మా మరిది ప్రతి ఏడూ. ఆయన రైల్లో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇంటిల్లిపాదీ ఆయన్ని గార్డుగారనే పిలుస్తాం, కట్టుకున్న మా చెల్లెలితో సహా.

నా కోడలికి పిచ్చుక అని పేరు పెట్టింది మావారు. తినేది గింజంత, తిరిగేది ఇల్లంతా అని.

పోయిన వానాకాలంలో మావాడికీ పిచ్చుకకీ విడాకులయ్యాయి. ఒకరి మీద ఒకరు గొంతెత్తింది కూడా లేదు. ఒక బిడ్డ కడుపులోనే పోయాక ఆ ఇంట్లో మాటలు ఒక్కొక్కటే ఆరిపోతూ వచ్చాయి. చివరికి ఒకే గదిలో ఉండి కూడా, వేరు వేరు బళ్ళ కోసం ఎదురుచూస్తున్న ప్రయాణికుల్లా కూర్చునేవాళ్ళు.

మొగుడూ పెళ్ళాలు విడిపోవాలంటే కోర్టుంది, లాయర్లున్నారు, సంతకాలున్నాయి. అత్తా కోడళ్ళు విడిపోవడానికి ఏమీ లేదు. ఎవరూ పిలిచి చెప్పరు. వారానికొకసారి వచ్చే ఫోను నెలకొకసారి అవుతుంది. ఆ తర్వాత ఏ సంతలోనో ఎదురుపడి, "బాగున్నారా" అంటే "బాగున్నాను" అనుకుని, ఎవరి సంచీ వాళ్ళు సర్దుకుని పోవడం. అంతే.

నాకు చిన్నప్పటి నుంచీ మనిషి రాకడ కన్నా పోకడే ముందు కనిపిస్తుంది. గుమ్మంలో చుట్టం చెప్పులు విడుస్తుంటే, మళ్ళీ ఆ చెప్పులు తొడుక్కునే ఘడియ గుర్తొస్తుంది. అందుకే ఈ ఏడు గట్టిగా అనుకున్నాను. పిచ్చుకను భోజనానికి పిలుస్తాను. వంటంతా ముందే ముగించి, లేవకుండా, కంగారు పడకుండా ఆమె పక్కన కూర్చుంటాను. కూర్చుని ఒక్క మాట అడుగుతాను: "తెగింది మీ ఇద్దరికీ కదా, మనిద్దరికీ కాదు కదా? వచ్చే ఏడూ వస్తావు కదా?"

ఫోన్ చేస్తే పిచ్చుక ముందు ఏ రోజని అడిగింది. తర్వాత, "వస్తాను అత్తయ్యా" అంది.

ఆ మర్నాడే మావాడు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆవిడని పిలిచావట?"

"ఆవిడెవర్రా?"

"తెలిసీ అడుగుతావేంటి."

"నీకు ఆవిడేమో. నాకు పిచ్చుకే."

వాడు నిట్టూర్చాడు. "సరేలే. నేను రాను. స్నేహితులతో సముద్రం ఒడ్డుకి వెళ్తున్నా. నువ్వు మాత్రం అక్కడ కూర్చుని ఏడవకు."

"ఏడవడానికి తీరికెక్కడిది? అన్నీ ముందే చేసి పెట్టుకుంటున్నా."

"ఏడుపు కూడా ముందే అయిపోయిందా?"

వాడిది వాళ్ళ నాన్న పోలికే. వేళాకోళం ఎక్కడ ఆపాలో తెలీదు. ఇద్దరం నవ్వాం. ఫోన్ పెట్టేశాక ఆ ఏడుపు కూడా నేనొక్కదాన్నే పూర్తి చేశాను.

ఇక పనిలోకి దిగాను. తినే వేళ నుంచి వెనక్కి నడిచాను. సూపు కోసం ఎముకలు వారం ముందే మరిగించి, వడగట్టి, డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. ఉల్లిపాయలు సన్నగా తరిగి, ఎర్రగా వేయించి చల్లార్చాను. కోడిమాంసానికి మసాలా పట్టించి మూత బిగించాను. బంగాళాదుంపలు ఉడికించి, తొక్క తీసి, తడిగుడ్డ కప్పాను. బల్ల మీద పళ్ళాలు, గ్లాసులు సర్ది, దుమ్ము పడకుండా పాత దుప్పటి పరిచాను. దుప్పటి కింద గ్లాసులు గుట్టలు గుట్టలుగా కనపడుతుంటే ఇంట్లో ఎవరో ముసుగుతన్ని పడుకున్నట్టుండేది. అటు పోయినప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని.

మిగిలినవి రెండే: బీన్స్ తోకలు తుంచడం, ఆపిల్ ముక్కలు చక్కెరలో మగ్గబెట్టడం. వాటిని కావాలనే ఆపాను. ప్రతి ఏడూ ఆ రెండు పనులూ నేనూ పిచ్చుకా కలిసి చేసేవే.

ముందురోజు మా చెల్లెలు వచ్చింది. రెండు వీధుల అవతలే వాళ్ళ ఇల్లు. ఫ్రిజ్ తలుపు తీసి బుగ్గన వేలేసుకుంది.

"ఇదేంటే అక్కా, మందుల షాపా? ఎటు చూసినా డబ్బాలే."

"కింద అరలో బీన్స్ ఉన్నాయి చూడు. అవి రేపు పిచ్చుక వచ్చాక చేస్తాం."

చెల్లెలు ఫ్రిజ్ తలుపు మూసి నా వైపు తిరిగింది. "అక్కా, ఒక మాట చెప్తా, కోప్పడకు. అదిప్పుడు మనింటికి చుట్టం. కోడలు కాదు. కోడలైతే పని చెప్తావు, తప్పులేదు. ఇప్పుడు పిలిచి మరీ చేతికి కత్తిస్తే, విడాకులయ్యాక కూడా చాకిరీ చేయించుకుంటోంది ముసలిది అనుకోరూ?"

"ఎవరనుకుంటారే?"

"ఎవరో ఒకరు. అనుకునేవాళ్ళకి కరువా? చక్కగా హాల్లో కూర్చోబెట్టు. మర్యాద చెయ్యి. గిన్నెలు కూడా మేమే కడుగుతాం, గార్డుగారికి చెప్పేశాను."

"ఆయనకి గిన్నెలు కడగడం వచ్చా?"

"జెండా ఊపడం పుట్టగానే వచ్చిందా? నేర్చుకుంటాడు."

దాని మాట నాకు నిజమనిపించింది. పని చెప్పే హక్కు నాకెక్కడిది? అది వెళ్ళాక బీన్స్ ముందేసుకుని తోకలు తుంచేశాను. ఆపిల్స్ కూడా తరిగి పొయ్యి మీద పెట్టేశాను. చక్కెర కరిగి ఇల్లంతా తియ్యటి వాసన నిండింది. నా జన్మలో మొదటిసారి, భోజనానికి ఒక రోజు ముందే నాకు పనంటూ లేకుండా పోయింది. హాయిగా ఉండాల్సింది. గ్యాసు కట్టేశానో లేదో నాలుగైదుసార్లు లేచి చూసుకున్నాను.

పిచ్చుక చెప్పిన వేళ కన్నా చాలా ముందే వచ్చింది. మధ్యాహ్నం ఎండ ఇంకా మెట్ల మీదే ఉంది. జుట్టు గట్టిగా ముడేసుకుంది. కొంచెం చిక్కింది. చెప్పులు విడిచి, నన్ను ఒక్కసారి భుజాల దగ్గర పట్టుకుని వదిలి, నేరుగా వంటింట్లోకి నడిచింది. ఆ నడక చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

వంటింటి మధ్యలో ఆగిపోయింది. గట్టు తళతళలాడుతోంది. దాని మీద ఒక్క గిన్నె లేదు.

"ఉల్లిపాయలు?"

"వేయించేశానమ్మా."

"బీన్స్ ఉంటాయిగా."

"నిన్నే అయిపోయాయి."

"ఆపిల్స్ కూడానా?"

"కూడా. నువ్వు నేర్పిందేగా, వెనక్కి నడవడం."

ఫ్రిజ్ తీసి డబ్బాలన్నీ చూసింది. నవ్వింది. "నన్ను మించిపోయావు అత్తయ్యా. మా వంటశాలలో ఉద్యోగం ఇప్పించమంటావా?"

నేనూ నవ్వాను. అప్పుడు చూశాను. ఆమె చేతిసంచీలోంచి ఒక నీలం గుడ్డ అంచు బయటికి ఉంది. వంట చేసేటప్పుడు ముందు కట్టుకునే గుడ్డ. పెళ్ళైన కొత్తలో నేను కుట్టిచ్చిందే, జేబు వంకరగా వచ్చిందని అందరూ వెక్కిరించినది. అది కట్టుకోవడానికే ముందుగా వచ్చింది. నేను చూస్తుండగానే దాన్ని వేళ్ళతో సంచీలోకి తోసి, జిప్పు లాగింది.

"రా, హాల్లో కూర్చుందాం" అన్నాను. ఆ నోటితో ఇంకేం అన్నా బాగుండేది.

హాల్లో చుట్టాలు కూర్చునే కుర్చీలో కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"బస్సులో జనం ఉన్నారా?"

"లేరు. సెలవులు కదా."

"చలిగా ఉంది ఈ ఏడు."

"అవును."

నా చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి, ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువుల్లా. కాసేపటికి పిచ్చుక అంది: "కొంచెం మంచినీళ్ళు తాగొచ్చా అండీ?"

ఈ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మోకాలితో తెరిచి సీసా ఎత్తి తాగిన పిల్ల. నేను లేచి నీళ్ళు తెచ్చిచ్చాను. ట్రేలో పెట్టి తెచ్చిచ్చాను. ఎందుకలా చేశానో నాకే తెలీదు. చుట్టానికి చేసినట్టే చేశాను.

అప్పుడు తెలిసింది నేనేం చేసుకున్నానో. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఇలా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నదే లేదు. మా మాటలన్నీ పక్కపక్కన నిలబడి, కళ్ళు కూరగాయల మీద పెట్టి చెప్పుకున్నవే. బిడ్డ ఇక లేదని ఆమె నాకు చెప్పింది బీన్స్ తుంచుతూ. మావారు చనిపోయిన వారం ఆమె నా పక్కన చేరి బంగాళాదుంపలు తొక్క తీసింది. మేం తినగలిగినన్నీ తీసి, ఆ తర్వాత కూడా ఆపలేదు, నేనింకా మాట్లాడుతూనే ఉన్నానని. మావాడితో ఇక కుదరదని చెప్పిన రోజు ఉల్లిపాయలు తరుగుతోంది. "కళ్ళు ఉల్లిపాయల వల్లే కదమ్మా" అన్నాను. "కాదత్తయ్యా" అంది. ఆ గట్టు దగ్గరే మేం మాట్లాడుకోగలిగేది. ఆ చోటు కాస్తా నేనే తుడిచి, తళతళలాడించి పెట్టాను.

సాయంత్రానికి చెల్లెలూ గార్డుగారూ వచ్చారు. భోజనం ఏ లోటూ లేకుండా జరిగింది. సూపు వేడిగా ఉంది, మాంసం మెత్తగా ఉడికింది, ఉప్పు సరిపోయింది. నేను కూర్చున్నాను. మొదటి నుంచి చివరి దాకా, పిచ్చుక పక్కనే.

"ఆగండాగండి" అన్నాడు గార్డుగారు చెంచా పైకెత్తి. "వదిన కూర్చుంది! ఎవరైనా ఫోటో తీయండి. మేకులు ఎవరు పీకారు?"

"పిచ్చుకే పీకింది" అంది చెల్లెలు. "దాని శిక్షణేగా."

అందరం నవ్వాం. పిచ్చుక కూడా నవ్వి, "చెప్పానుగా చిన్నమామగారూ, ముందే చేసుకుంటే..." అంటూ మధ్యలో ఆపేసి రొట్టె తుంచుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "చాలా బాగున్నాయండీ అన్నీ" అంది.

నేను అడగాల్సిన మాట నాలుక మీదే ఉంది. పక్కనే ఉంది మనిషి, మోచేతికి మోచేయి తగిలేంత దగ్గర. ఎదురుగా గార్డుగారు పూర్వం ఏదో స్టేషన్లో రైలెక్కిన మేక కథ చెబుతున్నాడు. "ఇంకొంచెం వేసుకో" అన్నాను. "చాలండీ" అంది. అదే మా మాట.

భోజనాలయ్యాక గార్డుగారు చొక్కా చేతులు మడిచి సింకు దగ్గర నిలబడ్డాడు. పళ్ళాలు గలగలమన్నాయి. పిచ్చుక చటుక్కున లేచింది.

"నేను కడుగుతాను."

"కూర్చోమ్మా" అంది చెల్లెలు, మంచి మనసుతోనే. "చుట్టానివి. నువ్వు చెయ్యి పెట్టకూడదు."

పిచ్చుక మెల్లగా కూర్చుంది. గడియారం వైపు చూసింది. సంచీ అందుకుంది.

ఇప్పుడు లేస్తుంది, చెప్పులు తొడుక్కుంటుంది, "ఉంటానండీ" అంటుంది. ఇక ఏ సంతలోనో కనపడుతుంది.

వంటింట్లోకి పరిగెత్తాను. తరగడానికి ఏమైనా ఉందా అని అరలు తీశాను. అన్నీ తరిగినవే, వేయించినవే. వెల్లుల్లి కూడా ఒలిచేసి పెట్టుకున్నాను, మహాతల్లిని. "ఏం వెతుకుతున్నావే?" అంటోంది చెల్లెలు. బాల్కనీలోకి వెళ్ళాను. బుట్ట అడుగున, సెలవుల ముందు కూరగాయలావిడ "మిగిలిపోతాయమ్మా, తీసుకుపో" అని బలవంతంగా అంటగట్టిన బఠాణీ కాయలున్నాయి. ఈ భోజనంలో వాటి పని లేదని మరిచేపోయాను. కొన్ని వడిలి తొక్క ముడతలు పడింది. బుట్టకు బుట్టా తెచ్చి, పాత పేపరు పరిచి, భోజనాల బల్ల మీద గుమ్మరించాను.

"ఇప్పుడా? పిచ్చా నీకు?" అంది చెల్లెలు.

నేను దాని వైపు చూళ్ళేదు. "అమ్మాయ్" అన్నాను పిచ్చుకతో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇవి ఒలవాలి. నా ఒక్కదాని వల్ల కాదు."

పిచ్చుక కాయల వంక చూసింది. సంచీ జిప్పు తీసింది. నీలం గుడ్డ తీసి, నిలబడి, నడుముకు చుట్టి వెనక ముడి వేసుకుంది. వచ్చి నా పక్కన కూర్చుంది.

చెల్లెలు ఒక్క క్షణం మా ఇద్దరి వీపులూ చూసి ఉంటుంది. "గార్డుగారూ, చేతులు తుడుచుకోండి, పోదాం" అన్న మాట వినపడింది. "ఇంకా మూకుడుందే!" "మూకుడుకి రైలు తప్పిపోదు, రండి."

తలుపు మూసుకుంది.

కాయ నొక్కితే టప్‌మని విచ్చుకునేది. గింజలు గిన్నెలో రాలేవి. మొదట్లో ఆ చప్పుడే ఉంది. తర్వాత పిచ్చుక చేతులు వేగం అందుకున్నాయి. తలెత్తకుండానే అంది:

"నాకు వేరే ఊళ్ళో ఆసుపత్రిలో పనిచ్చారత్తయ్యా. ఇక్కడి కన్నా పెద్దది."

"దూరమా?"

"పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరతాం."

రెండు కాయలు ఒలిచాను.

"అక్కడ ఒకాయన ఉన్నాడు. ఎక్స్‌రే తీస్తాడు. మంచివాడు. మాట్లాడతాడు." కొంచెం ఆగింది. "వాళ్ళమ్మగారు కూడా ఉంటారు."

నా చేతిలో కాయ విచ్చుకోలేదు. గోరు దిగబెట్టి చీల్చాను.

"వచ్చే సెలవులకి అక్కడే ఉండాలి" అంది. "ఆ తర్వాత కూడా. ఇక్కడికి వస్తూ ఉంటే ఆవిడకి బాగుండదు. మీవాడికీ బాగుండదు. నాకూ..." చేతులాగాయి. "ఈ ముక్క చెప్పడానికే ముందొచ్చాను. బీన్స్ తుంచుతూ చెప్పేద్దామనుకున్నా. నువ్వేమో అన్నీ చేసేసి కూర్చున్నావు."

"మీ చిన్నత్త చెప్పింది, నీకు పని చెప్పకూడదని."

"ఆవిడ మాట ఎప్పుడు విన్నావని ఇప్పుడు విన్నావు?"

నవ్వు రావాల్సిన మాట. ఇద్దరికీ రాలేదు. ఆమె ముంజేతితో కళ్ళు తుడుచుకుంది. బఠాణీలకు కళ్ళు మండవు. ఏదీ అడ్డం పెట్టుకోవడానికి లేదు.

నా ప్రశ్న అడగకుండానే జవాబొచ్చేసింది. ఇక అడిగి ఆమె నోట ఆ మాట రెండోసారి చెప్పించలేకపోయాను. అందుకని వేరేది అడిగాను.

"ఆవిడ వంట చేస్తుందా?"

"చేస్తారు. నీలాగే కంగారు మనిషి. మొన్న వెళ్తే నాలుగుసార్లు లేచి స్టవ్ చూసుకున్నారు."

ఆ పోలిక నా గుండెలో ఎక్కడో గుచ్చుకుంది. అక్కడే కాస్త చల్లగా కూడా తగిలింది.

"ఆవిడకి నేర్పకు" అన్నాను.

"ఏంటి?"

"వెనక్కి నడవడం. ముందే అన్నీ చేసి పెట్టుకోవడం. నేర్పితే నేర్పావు గానీ, ఏదో ఒకటి మిగల్చమను. ఇద్దరికీ సరిపడా."

పిచ్చుక తల వంచి నా భుజానికి ఆనించింది. కాయలు అయిపోయేదాకా అలాగే, ఒంటి చేత్తో ఒలిచింది. అవి చాలా తొందరగా అయిపోయాయి.

వెళ్ళేటప్పుడు నీలం గుడ్డ విప్పి, వంటింటి తలుపు వెనక మేకు దగ్గరికి వెళ్ళింది. విడాకుల ముందు దాకా, ఏళ్ళ తరబడి అది వేలాడింది అక్కడే. చెయ్యెత్తి, దింపి, గుడ్డను మడిచి నా వైపు చూసింది.

"తీసుకుపో" అన్నాను. "జేబు వంకర అని అక్కడా నవ్వుతారులే."

బస్సు దాకా వస్తానంటే వద్దంది. మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ నిలబడ్డాను. పిచ్చుక ఎప్పుడూ మెట్లు గబగబా దిగేది. ఆ రోజు ఒక్కొక్కటే దిగింది.

కాసేపటికి ఫోన్ మోగింది. మావాడు. వెనకాల అలల హోరు.

"భోజనం బాగా జరిగిందా అమ్మా?"

"జరిగింది నాన్నా. మొత్తం కూర్చునే తిన్నాను."

"నువ్వా? లేవకుండానా?"

"లేవాల్సిన పని లేకపోయింది."

వాడు నవ్వాడు. అలలు వస్తూ పోతూ ఉన్నాయి. వాడు ఏదో అడగడానికి ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

"నా గురించి ఏమైనా అడిగిందా?"

బల్ల మీద గిన్నె నిండా పచ్చటి గింజలు. మేమిద్దరం తిన్నా, పది మంది తిన్నా సరిపోయేన్ని.

"రేపు ఇటు దిగరా" అన్నాను. "బఠాణీలు చాలా ఉన్నాయి. నా ఒక్కదాని వల్ల కాదు."